మా మోటార్‌ను పిలిచిన మూడక్షరాలు

నా బిడ్డ చేత వాళ్ల పెద్దబాపు కాళ్లు మొక్కించిన రోజు మంగళవారం. ఆ పొద్దున నేను చేసిన జొన్నరొట్టెలు ఎవరూ ముట్టక సాయంత్రానికి అట్టల్లా అయ్యాయి. బర్రెకు వేశాను. మా ఆయన ఆ రోజు తెల్లంగి వేసుకున్నాడు, పెద్దమనుషుల ముందుకు పోతున్నాం కదా అని. ఆ అంగీని ఉతికి ఆరేసేటప్పుడు ఇప్పటికీ నా చేతులకు కోపం వస్తుంది. గట్టిగా పిండుతాను.

ఏం జరిగిందో మొదటి నుంచి చెప్తాను.

ఆర్మూర్ నుంచి బాల్కొండ వైపు పోయే దారిలో, గుట్ట వెనుక మా చేను. ఎక్కువగా పసుపే వేస్తాం, అంచున మక్కజొన్న. పక్క చేను మా బావది, అంటే మా ఆయనకు అన్న, నా బిడ్డకు పెద్దబాపు. అన్నదమ్ములు చేను పంచుకున్నారు, ఇల్లు పంచుకున్నారు, ఇత్తడి గంగాళం కూడా ఎవరిదో తేల్చుకున్నారు. బావిని మాత్రం మధ్యలో గీత గీసి పంచుకోలేరు కదా. అందుకని ఒక బావి, రెండు మోటార్లు. ఒకరోజు మా మోటార్, ఒకరోజు వాళ్ల మోటార్.

ఈ వంతు తప్పకుండా ఉండటానికి మా అత్త బతికుండగా ఒక పద్ధతి పెట్టింది. ఎవరి వంతు కాదో వాళ్ల మోటార్ ఫ్యూజులు మూడూ తీసి అవతలి ఇంట్లో పెట్టాలి. తెల్ల పింగాణీవి, అరచేతిలో పట్టేవి. వాళ్ల రోజున మా ఫ్యూజులు వాళ్ల గూట్లో, మా రోజున వాళ్లవి మా గూట్లో. ఫ్యూజులు లేకపోతే మోటార్ నడవదు, మోటార్ నడవకపోతే కొట్లాట రాదు. అన్నదమ్ములకు ఆరేళ్లుగా మాటల్లేవు. అయినా బావ భార్య, అంటే నా యారాలు, నేనూ పొద్దున పొద్దున కొంగులో ఫ్యూజులు మూటగట్టుకుని ఒకరింటికి ఒకరం పోయేవాళ్లం. ఇన్ని చాయ తాగి, ఇంత కడుపులో మాట చెప్పుకుని వచ్చేవాళ్లం.

మా ఆయన మోకాళ్లు అరిగాయి. చేను ఇంటికి కిలోమీటరు పైనే. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ పోయి స్టార్టర్ ఒత్తాలి. సిమ్ము వేసి ఫోన్‌తో నడిపే డబ్బా ఒకటి తెచ్చాం గానీ గుట్ట వెనుక సిగ్నల్ లేదు. అది గోడకు బొమ్మలా ఉండిపోయింది.

నా బిడ్డ నిజామాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి వచ్చింది. ఉద్యోగం వెతుక్కుంటూ ఇంటి దగ్గర ఉన్నప్పుడు రెండు డబ్బాలు చేసింది. ఒకటి వంటింటి గోడకు, ఒకటి బావి దగ్గర మోటార్ గదిలో. రెంటిలోనూ వేలిగోరంత మైక్రోకంట్రోలర్, దాని పక్కన అగ్గిపెట్టె కన్నా చిన్న రేడియో. మిద్దె మీద ఒక తీగ, మోటార్ గది మీద ఒక తీగ. సిమ్ము లేదు, రీచార్జి లేదు. ఇంట్లో పచ్చ బటన్ ఒత్తితే అక్కడ మోటార్ నడుస్తుంది. నడిస్తే అక్కడి డబ్బా జవాబు పంపుతుంది, ఇక్కడ పచ్చ లైటు వెలుగుతుంది. ఎర్ర బటన్ ఒత్తితే ఆగుతుంది, లైటు ఆరుతుంది.

"గాలిలకెల్లి మాట ఎట్ల పోతదే?" అని అడిగాను.

"కల్లంల మనం గంపలు అందించుకుంటం కదనే అమ్మా, ఒకరెన్క ఒకరం నిలవడి. గట్లనే అక్షరాలు. ఒకదానెన్క ఒకటి పోతయ్. అన్నీ ఒక్కపారి పోవు."

"నడుమల ఒక గంప కింద పడితే?"

"అందుకే ఆఖర్న లెక్క పంపుత. గింత పంపిన అని ఈడికెల్లి చెప్త. ఆడ గంత రాలేదనుకో, మొత్తం పారేస్తది. మోటార్ కదలదు."

నాకు అది నచ్చింది. మనుషులు కూడా సగం విన్న మాటను అలా పారేస్తే ఎంత బాగుండును.

ఇంకో సంగతి కూడా చెప్పింది. గాలిలో మన మాట ఒక్కటే ఉండదట. ఊళ్లో ఇలాంటి రేడియోలు ఎన్నో. అందుకని ముందు పేరు పెట్టి పిలవాలి. ఆ పేరు వింటేనే మన మోటార్ పలకాలి. "నీకు నచ్చిన పేరు చెప్పు" అంది. నేను మా పుట్టిల్లు భీమ్‌గల్ చెప్పాను. అందులోంచి మూడు ఇంగ్లీషు అక్షరాలు తీసి రెండు డబ్బాల్లోనూ పెట్టింది. పెళ్లయి వచ్చాక ఆ ఇంట్లో నా పుట్టింటి పేరు పనికొచ్చిన మొదటిసారి అది. నవ్వుకున్నాను.

చిక్కు ఫ్యూజుల దగ్గర వచ్చింది. ఫ్యూజులు తీస్తే మోటార్ గదిలోని డబ్బాకూ కరెంటు పోతుంది. మళ్లీ పెట్టడానికి ఎలాగూ చేనుకు నడవాలి. మరి డబ్బా ఎందుకు? నేనే యారాలి దగ్గరికి పోయి చెప్పాను.

"అక్కా, మా ఫ్యూజులు గిట్లనే ఉండనీ. మీ వంతు నాడు మేం బటన్ ముట్టం. నా మాట మీద ఉంచుకో."

"నీ మాట చాలదా చెల్లె" అంది ఆమె. ఆ రోజు నుంచి పొద్దున్నే ఫ్యూజులు మోయడం ఆగింది. మోయడంతో పాటు చాయ, మాటలు కూడా ఆగాయి. అప్పుడు నాకు హాయిగానే అనిపించింది. అబద్ధం ఎందుకు, వాకిలి తొందరగా ఊడ్చుకోవచ్చు అనుకున్నాను.

ఏడాది నడిచింది. ఒక్క చిక్కు లేదు. నడుమ ఒకసారి మోటార్ గదిలోని డబ్బాలో రిలే కాలింది, అంటే మోటార్‌కు కరెంటు ఇచ్చే మీట. ఆ వారం నా బిడ్డ ఇంటర్వ్యూలకు పోతూ, ఆర్మూర్‌లో మోటార్ సామాను అమ్మి రిపేరు చేసే షాపులో ఆ డబ్బా ఇచ్చింది. వాడు రెండు రోజులు ఉంచుకుని ఇచ్చాడు.

ఇక ఈ మొన్నటి చలికాలం. పసుపు దుంప ఊరే రోజులు. బావిలో నీళ్లు తగ్గి, ఎవరి వంతు వాళ్లు కళ్లలో వత్తులేసుకుని చూసుకునే రోజులు. ఒక పొద్దున వంటింట్లోకి పోతే పచ్చ లైటు వెలుగుతోంది. ఆ రోజు మా వంతు కాదు. గబగబా ఎర్ర బటన్ ఒత్తాను. నేనే పొద్దున అలవాటులో ఒత్తి మరిచిపోయానా అనుకున్నాను. నాలుగు రోజులకు మళ్లీ అంతే.

నా జ్ఞాపకం గురించి మా ఇంట్లో ఎవరినైనా అడగండి. ఏ బర్రె ఏ రోజు ఈనిందో, ఎవరి పెళ్లిలో ఏ కూర అడుగంటిందో చెప్తాను. నాలుగో తరగతితో బడి మానేసిన దాన్ని, కాగితం మీద పెట్టుకోలేదు కాబట్టి తలలో పెట్టుకున్నాను. అలాంటి నేను, ఒక చిన్న లైటు చూసి నా తలనే అనుమానించాను. వయసు మీద పడుతోందని సిగ్గుపడ్డాను. నా బిడ్డకు చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ పిల్ల ఆ సాయంత్రమే తేల్చేది. నాకున్న కోపంలో సగం నా మీదే.

మూడోసారి నేను లైటు చూసుకోలేదు. మా బావ చేనుకు పోయేసరికి, ఆయన వంతు నాడు మా పైపు ధారగా పోస్తోంది. పల్లంలో మా పసుపు మడులు నిండి నీళ్లు నిలబడ్డాయి. ఆయన అక్కడి నుంచే అరుచుకుంటూ వచ్చాడు. మా వాకిట్లో అడుగు పెట్టలేదు, రోడ్డు మీదే నిలబడ్డాడు.

"ఇంట్ల కూసోని దొంగతనం చేసే మిషిన్ చేసినవా పిల్లా? గందుకేనా సదివింది? ముందుగల్ల దొంగలు కనీసం చేను దాంక నడిసేటోళ్లు!"

"పెద్దబాపూ, మేం ఒత్తలే" అంది నా బిడ్డ.

"మరి దయ్యం ఒత్తిందా?"

రోడ్డు మీద పోయే ఇద్దరు నవ్వారు. ఆ నవ్వులు నాకు గుర్తున్నాయి. ఎవరివో కూడా గుర్తే.

ఆయన పోయి మా ఫ్యూజులు మూడూ పీకి తన ఇంట్లో పెట్టుకున్నాడు. పిల్ల తప్పు ఒప్పుకునే దాకా ఇవ్వనన్నాడు. మా వంతు రోజు వచ్చింది, ఫ్యూజులు రాలేదు. ఇంకో వంతు పోయింది. పల్లంలో నీళ్లు నిలిచి దుంప కుళ్లే వాసన, మెరకలో ఆకు చుట్టుకుపోయి గలగల. ఫ్యూజుల బదులు తీగ చుట్టి మోటార్ నడుపుకోవచ్చు, అది చేతగాక కాదు. అలా చేస్తే నిజంగా దొంగలమే అవుతాం.

మా ఆయన మెత్తబడ్డాడు. "ఒక్క మాట అంటే ఏం పోతది బిడ్డా? పెద్దోడు. కాళ్లు మొక్కితే సల్లబడతడు. పసుపు పోతే మల్ల రాదు."

"నేను చెయ్యంది చేసిన్నని ఎట్లంట బాపూ?"

"నీళ్ల కోసం అనరాదే!"

ఆ మంగళవారం బావ వాకిట్లో మా వాళ్లలో పెద్దమనుషులు అయిదుగురు కుర్చీలేసుకుని కూర్చున్నారు. బావ ఎదుట నేను ఏనాడూ మాట్లాడలేదు. మా పద్ధతి అంతే. భర్త అన్న ఎదురైతే కొంగు సరిచేసుకుని పక్కకు జరగాలి, చెప్పాల్సింది ఉంటే యారాలితో చెప్పించాలి. ఆ రోజు కూడా తలుపు పక్కన నిలబడి యారాలి చెవిలో చెప్పాను. "నేనే ఒత్తి మర్సిపోయిన్నేమో అని చెప్పక్కా. పిల్లకేం ఎరుక లేదని చెప్పు." నేరం నా మీద వేసుకుంటే పిల్ల బయట పడుతుందనుకున్నాను. యారాలు చెప్పింది.

"సూసిన్రా" అన్నాడు బావ. "ఒత్తినట్టు తల్లే ఒప్పుకున్నది. ఒత్తేతందుకు మిషిన్ చేసిచ్చింది ఎవరు?"

నా మాటే నా బిడ్డ మెడకు తగిలింది. ఆ పిల్ల నా వైపు ఒక్కసారి చూసింది. తర్వాత వంగి ఆయన కాళ్లు ముట్టి, "తప్పయింది పెద్దబాపూ" అంది. అయిదుగురూ హమ్మయ్య అన్నట్టు కుర్చీలు జరిపారు. డబ్బా పీకేయాలని, మళ్లీ ఫ్యూజుల పద్ధతే నడవాలని తీర్పు చెప్పారు. చాయ వచ్చింది. మా ఆయన తాగాడు.

నా బిడ్డ మోటార్ గదిలోని డబ్బా పీకి తెచ్చింది గానీ మూలకు పారేయలేదు. దాన్ని మిద్దె మీది తీగకు కలిపి, ల్యాప్‌టాప్‌కు తగిలించి పెట్టింది. రేడియో ఏం వింటే అది తెర మీద వరుసగా పడుతుంది, ఏ వేళకు విన్నదో కూడా. ఇంట్లో బటన్ డబ్బాను నా కళ్ల ముందే గోడ నుంచి విప్పి బ్యాటరీ తీసేసింది. మూడో రోజు నన్ను పిలిచింది.

"అమ్మా, ఎవరో మన పేరుతోని పిలుస్తున్నరు. నీ భీమ్‌గల్ అక్షరాలే. లెక్క సుత సరిపోయింది. పొద్దుగాల ఆరు దాటినంక స్టార్ట్ చెయ్యమంటరు, తొమ్మిదికి బంద్ చెయ్యమంటరు. ఒక్కోనాడు వినవస్తది, ఒక్కోనాడు రాదు. దూరం ఉన్నట్టుంది."

నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు. ఒక్కటే అనుకున్నాను, నా తల బాగానే ఉంది. నేను ఒత్తలేదు. మరిచిపోలేదు.

పిలిచేది ఎవరు? అది రెండు వారాలు తెలియలేదు. తెలిసింది పిండి పట్టే గిర్ని దగ్గర. గుట్టకు అవతలి వైపు చేనున్న ఒక ఇంటామె నా ముందు వరుసలో బియ్యం డబ్బాతో నిలబడి ఎవరితోనో చెప్తోంది.

"మా మోటార్‌కు ఏదో పట్టిందక్కా. కొత్త డబ్బా తెచ్చిన కాంచి ఎవ్వరు ఒత్తకుండనే నడుస్తుండె. మా ఆయన నిమ్మకాయలు కట్టిండు. గప్పటి సంది మంచిగున్నది."

"నిమ్మకాయలు ఎన్నడు కట్టిన్రు వదినా?" అని అడిగాను.

"రెండు వారాలు దాటింది, మంగళారం నాడు."

మా డబ్బా పీకింది ఆ మంగళవారమే.

"దానికి ముందు సోమారం నడిసిందా? పాలు పోసి పోయినంక?"

"అవ్, పెండ్లికి పోదామని చీర కట్టుకుంటున్న. పరాయి మోటార్ అనుకున్న, సూస్తే మాదే! నీకెట్ల ఎరుక?"

ఎలా ఎరుక అంటే, ఆ సోమవారం మా వంతు. ఫ్యూజులు బావ ఇంట్లో ఉన్నాయని తెలిసీ, ప్రాణం ఊరుకోక, పాలు పోశాక నేనే పచ్చ బటన్ ఒత్తాను. చేతులకు శనగపిండి ఉందని మోచేత్తో ఒత్తాను. అంతకు ముందు రోజులు కూడా ఒక్కొక్కటి అడిగాను. ఆమెకు గుర్తున్నవన్నీ నేను ఒత్తిన వేళలే. మేం ఒత్తితే వాళ్లది, వాళ్లు ఒత్తితే మాది. మా వంతు నాడు మా మోటార్ ఎలాగూ నడుస్తుంటుంది కాబట్టి మాకు తెలియలేదు. బావ వంతు నాడే బయట పడింది.

పిండి అక్కడే వదిలేసి ఆమెను వెంటబెట్టుకుని, ల్యాప్‌టాప్‌తో నా బిడ్డను పిలిపించుకుని వాళ్లింటికి పోయాం. ఆమె బటన్ ఒత్తింది. తెర మీద నా పుట్టింటి మూడక్షరాలు పడ్డాయి. ఎవరింట్లోనో, ఎవరి గోడ మీదో, నేను నవ్వుతూ చెప్పిన పేరు. డబ్బా ఎక్కడ కొన్నారంటే, మా డబ్బా రిపేరుకు ఇచ్చిన ఆర్మూర్ షాపులోనే అంది. మా బటన్ డబ్బాను ఆ షాపువాడు చూసింది లేదు. రిపేరుకు పోయిన రెండు రోజుల్లో వాడు చిప్పులో ఉన్నదంతా ఎత్తుకుని, దాని జవాబులను బట్టి రెండో డబ్బా కూడా తయారు చేసి, జతలు జతలుగా అమ్ముతున్నాడు.

షాపుకు పోయాం. వాడికి సిగ్గు లేదు.

"అన్నీ ఒక్క తీరుగనే చేసినమమ్మా. మంచిగ నడుస్తున్నయని నలుగురు తీస్కపోయిన్రు."

"ముందుగల్ల మూడక్షరాలు ఎందుకున్నయో ఎరుకేనా మీకు?" అని అడిగింది నా బిడ్డ.

"అది కంపెనీ కోడ్ కావచ్చు."

"మా అమ్మ పుట్టిన ఊరు అది."

వాడు నవ్వాడు. "అయితే ఏమాయె? ఆడపిల్ల చేసిందంటే ఎవరన్న కొంటరా చెల్లె? నేను అమ్మబట్టి నీ మిషిన్ నాలుగిండ్లకు చేరింది. సంబురపడాలె."

గల్లా మీద ఉన్న స్టార్టర్ ఎత్తి వాడి మొహాన కొట్టాలనిపించింది. నా బిడ్డ నా చేయి పట్టుకుంది. ఆ నాలుగిళ్లు ఏవో చెప్పేదాకా అక్కడి నుంచి కదల్లేదు. కొనడానికి వచ్చిన వాళ్లందరికీ వినిపించేలా నేను అడుగుతూనే ఉన్నాను. చివరికి చెప్పాడు.

మా ఆయనకు చెప్తే, "ఇగ ఇడిసిపెట్టరాదే, నీళ్లైతే వస్తున్నయ్ కద" అన్నాడు.

"నీళ్లొచ్చినయ్. నా బిడ్డ మీద పడ్డ దొంగ అన్న మాట పోయిందా?"

నేను ఆగాను, అదే మనుషులు మళ్లీ అదే వాకిట్లో కూర్చునే దాకా. పసుపు తవ్వే ముందు ఉడకబెట్టే డ్రమ్ముల వంతు ఎవరిది ముందు అని తేల్చుకోవడానికి కూర్చున్నారు. నేను తలుపు పక్కన నిలబడలేదు. కుర్చీల నడుమకు పోయాను. గుట్ట అవతలి ఇంటామెను వెంట తీసుకుపోయాను. ఆమె తన డబ్బా, తన నిమ్మకాయలు, తన మోటార్ సంగతి అన్నీ చెప్పింది.

అప్పుడు నేను, ఇరవై ఆరేళ్ల కాపురంలో మొదటిసారి, బావ మొహం చూసి మాట్లాడాను.

"బావా, నా బిడ్డ ఈడనే వంగి మీ కాళ్లు మొక్కింది. చెయ్యని తప్పు చేసిన్నన్నది. మీరు దొంగ అన్న మాట ఈడనే ఎనుకకు తీస్కోవాలె."

ఒక పెద్దమనిషి, "అరె, ఆడిది గిట్ల మాట్లాడుడేంది" అన్నాడు. బావ భార్య తలుపు పక్క నుంచి, "మాట్లాడనియ్యున్రి" అంది. ఆమె సొంత మాట ఆ వాకిట్లో మగవాళ్లు విన్నది అప్పుడే కావచ్చు.

బావ నేల చూశాడు. "ఏదో పొరపాటైంది" అన్నాడు.

"నేలకు కాదు. పిల్లకు చెప్పున్రి."

ఆయన లేచి, తువ్వాల దులుపుకుని, బయటికి పోయాడు. డ్రమ్ముల సంగతి తేలలేదు.

నా బిడ్డ అప్పటికి ఆ నాలుగిళ్లూ తిరుగుతోంది. ఒక్కొక్క ఇంటి డబ్బా విప్పి, ఒక్కొక్కరికి వేరే వేరే అక్షరాలు పెట్టి వస్తోంది. ఎందుకే వాళ్లకు చేస్తావు అంటే, "వాళ్లేం చేసిన్రమ్మా, కొనుక్కున్నరు" అంది. మా మోటార్ గదిలో కూర్చుని మా డబ్బాకు కూడా కొత్త అక్షరాలు పెడుతున్నప్పుడు బావ వచ్చాడట. గడప దగ్గర వీపు సగం తిప్పి నిలబడి, చాలాసేపు బావిలోకి చూసి, "మాకు సుత ఒకటి చేస్తవా బిడ్డా?" అని అడిగాడట.

"చేస్త పెద్దబాపూ" అందట.

వచ్చి నాకు చెప్తే నాకు మండిపోయింది. "తప్పన్నడా?"

"గంతే అన్నడమ్మా. నాకు చాలు."

చాలునేమో ఆ పిల్లకు. దానిది వాళ్ల బాపు గుణం. ఇప్పుడు వాళ్ల వంటింటి గోడకూ డబ్బా ఉంది. ఎవరి వంతు కాకపోతే వాళ్ల డబ్బా పలకకుండా నా బిడ్డ అందులోనే కట్టడి చేసింది. మా పసుపు పల్లం సగం కుళ్లింది, మిగతాది ఉడికించి ఎండబోశాం. బావ ఎదురైతే నేనిప్పుడు పక్కకు జరగను, కొంగు సరిచేసుకోను. నిలబడి చూస్తాను. ఆయనే వేరే సందులోంచి పోతున్నాడు. ఆయన బాకీ పడ్డ ఆ మాట, దొంగ అన్న చోటే, ఆ అయిదుగురి ముందే అనేదాకా నేను దారి ఇవ్వను.